దీపాల తోటకు అత్తయ్య కాపలా

ఆ చలికాలం మా అత్తయ్య కంటిమీద కునుకు లేదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది కూడా తిరగలేదు కాబట్టి, తప్పు నాదేనేమోనని మొదట్లో హడలిపోయాను. పొద్దున్నే లేచేసరికి ఆవిడ వంటింటి గడప మీద కూర్చుని, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని నా వంకే చూస్తూ ఉండేది. "నిద్ర పట్టలేదా అత్తయ్యా?" అంటే, "ఇద్దరి వాటా నిద్ర నువ్వే పోయావుగా" అనేది.

నా నిద్ర సంగతి నిజమే. ఆ వయసులో నెత్తిన పిడుగు పడ్డా లేచేదాన్ని కాదు. కానీ తప్పు నాది కాదు, దీపాలది.

మా బిన్ థువాన్‌లో డ్రాగన్ ఫ్రూట్ తోటలకు దీపాలు పెడతారు. ఆ చెట్టుకు వేసవిలో, పొడుగు పగళ్ళు ఉన్నప్పుడే పూయడం అలవాటు. చలికాలం వచ్చి పొద్దు తగ్గగానే ముడుచుకుని కూర్చుంటుంది. అప్పుడు చెట్లు అల్లుకునే స్తంభానికీ స్తంభానికీ మధ్య బల్బులు వేలాడదీసి, చీకటి పడనివ్వకుండా రోజుల తరబడి వెలిగిస్తే, ఇంకా వేసవే కాబోలనుకుని మోసపోయి పూస్తుంది. కొత్త సంవత్సరం తేత్ పండక్కి సైగాన్‌లో ప్రతి ఇంటా చనిపోయిన పెద్దల పటాల పీఠం మీద ఎర్రటి పండ్లు పెట్టాలి కాబట్టి, ఊరు ఊరంతా కలిసి ఆ చెట్టును మోసం చేస్తాం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మా ఇల్లు సరిగ్గా తోట నడిమధ్య ఉంది. కట్టినవాడు మావయ్యే. ఆయన్ని ఊరంతా ఆరో అన్న అంటారు, అత్తయ్యను ఆరో వదిన అంటారు. మా వైపు మనుషుల్ని పుట్టిన వరసను బట్టి అంకెతో పిలుస్తారు. మావయ్యకు దీపాలంటే ప్రాణం. మిగతావాళ్ళు పొదుపు బల్బులు పెట్టుకుంటే, ఆయన ఊళ్ళో అందరికంటే మెరిసేవి తెచ్చి, ఇంటి చుట్టూ అందరికంటే దగ్గర దగ్గరగా కట్టించాడు. పొద్దు గుంకగానే మీట నొక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని, "చూడండర్రా, ఆకాశంలోంచి చూస్తే మన ఇల్లే కనిపిస్తుంది" అనేవాడు. ఆకాశంలోంచి ఎవరు చూస్తారో నాకు తెలియదు గానీ, ఇంటి లోపల మాత్రం సూదిలో దారం ఎక్కించుకోవచ్చు. చూరు కింద గాలి కోసం వదిలిన కంతల్లోంచి, పెంకుల సందుల్లోంచి, తలుపు కింది నుంచి వెలుగు లోపలికి వచ్చి గోడల మీద గీతలు గీసేది.

వెలుగు ఉన్నచోట జనం ఊరుకోరు కదా. మా వాకిట్లో సాయంత్రం అయితే తిరునాళ్ళే. ఆడవాళ్ళు వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చునేవాళ్ళు. మగవాళ్ళు చదరంగం, కాల్చిన ఎండు చేప, బియ్యం సారా. వీటన్నిటికీ మించి చక్రాల మీద దొర్లించే పెద్ద స్పీకరు పెట్టె ఒకటి ఉండేది. దానికి వైరు లేని మైకు ఒకటి కలిపి పక్క తోట ఏడో అన్న, మా మావయ్య వంతులవారీగా పాడేవాళ్ళు. ఏడో అన్నకు గొంతు ఉంది, తాళం లేదు. మావయ్యకు రెండూ లేవు, ఉత్సాహం ఉంది. పాట అయిపోగానే చిక్కటి టీ, టీ అయిపోగానే ఇంకో పాట.

మా కోడిపుంజుకు మతి పోయింది ముందు. తెల్లారింది తెల్లారింది అని భోజనాల వేళ నుంచే కూయడం మొదలుపెట్టి, గొంతు బొంగురుపోయి, అసలు తెల్లవారేసరికి నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చేది.

"ఒక్క వారం ఈ ఇంటి చుట్టూ ఉన్న వరసలు ఆర్పవయ్యా, కళ్ళు మూసుకుంటాను" అని అత్తయ్య బతిమాలేది.

"ఇంటి చుట్టూ ఉన్నవే ఊళ్ళోకెల్లా బలమైన చెట్లు. అవి ఆర్పితే ఏడోవాడు ఏమంటాడో తెలుసా? ఆరోవాడు కరెంటు బిల్లు కట్టలేకపోయాడంటాడు."

"అననీ. నాకు నిద్ర వస్తుంది."

"నిద్ర సోమరుల జబ్బు. నన్ను చూడు, నాకు అక్కర్లేదు."

ఆయనకు అక్కర్లేదట! తాతగారి తద్దినం నాడు పీఠం ముందు మూడు అగరొత్తులు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే కునుకు తీశాడు. అగరొత్తులు కాలి కాలి వేళ్ళకు అంటుకునేసరికి కేకపెట్టి లేచాడు. చుట్టాలందరూ తాతగారు పూనారేమోనని దణ్ణాలు పెట్టారు. ఇంకోసారి పట్టపగలు బండి మీద బాతుల బుట్ట కట్టుకుని సంతకు పోతూ తిన్నగా కాలువలోకి తోలేశాడు. బాతులు హాయిగా ఈదుకుంటూ ఇంటికొచ్చేశాయి. ఆయన్ని మాత్రం నలుగురు పట్టి లాగాల్సి వచ్చింది.

అత్తయ్య ఆరోగ్యం ఆ నెలలోనే తిరగబడింది. పులుసులో చేపసాస్‌కు బదులు చెరకు పాకం పోసేది. దువ్వెన తలలో పెట్టుకుని ఇల్లంతా వెతికేది. వెతుకుతూ నన్ను తిట్టేది. ఒకరోజు దొడ్లో బట్టలు ఆరేస్తూ తీగ పట్టుకుని అలాగే ఆగిపోయింది. "అమ్మాయ్, నేల ఊగుతోందా?" అంది. నేల ఊగడం లేదు. ఆవిడ ఊగుతోంది.

నేనూ మావయ్యా ఆవిణ్ణి చెరోపక్క పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ పేరు ట్రామ్. చిన్నపిల్ల, కొత్తగా చేరింది. రక్తపోటు చూసింది, మళ్ళీ చూసింది, పట్టీ మార్చి మూడోసారి చూసింది. తర్వాత చాలాసేపు సాయంత్రాల గురించే అడిగింది. ఎప్పుడు తింటారు, ఎప్పుడు టీ తాగుతారు, పడుకునే గదిలో వెలుగు ఎంత, చప్పుడు ఎంత. అత్తయ్య అన్నిటికీ మావయ్య వైపు చెయ్యి చూపించింది.

"మాత్రలు రాస్తాను. కానీ మాత్రలొక్కటే చాలవు. పిన్నికి చీకటి కావాలి" అంది డాక్టరమ్మ.

"చీకటా?" అన్నాడు మావయ్య. "పూటకు ఎన్ని చెంచాలు?"

"నవ్వులాట కాదు బాబాయ్. మీ చెట్లకు మీరేం చేస్తున్నారో అదే పిన్నికీ జరుగుతోంది. కంటి మీద వెలుగు పడుతున్నంతసేపూ ఒంటికి పగలే అనిపిస్తుంది. చెట్టయితే పగలనుకుని పూస్తుంది. మనిషి పూయడు కదా, ఒరిగిపోతాడు. పొద్దుగుంకాక పాటలు మానండి, చిక్కటి టీ మానండి, పడుకునే చోట దీపాలు తీసేయండి."

"పండగ కాపు మీద ఉన్నాం తల్లీ. ఇప్పుడు దీపం తీసేస్తే ఏడాదంతా మట్టి కొట్టుకుపోతుంది."

మందులు తీసుకోవడానికి నేను వెనకబడితే, డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, ఇలాగే సాగితే ఏదో ఒకరోజు నరం చిట్లి మూతి వంకరపోతుంది, లేదా మంచం పడుతుంది. బాబాయికి చెప్పినా వినేట్టు లేడు. మీరైనా చూసుకోండి" అంది. అత్తయ్యతో నాకు పడేదని కాదు, పడకపోయినా ఆవిడ మూతి అలా తిన్నగా ఉండి నన్ను తిడుతూ ఉంటేనే నాకు ధైర్యం.

దారిలో మావయ్య ఒకటే గొణుగుడు. "చీకటి మందంట. మా నాయన కాలంలో ఊరంతా చీకటే, మరి అందరూ ఎందుకు చచ్చారు?"

కానీ ఆయన మరీ రాతిగుండె మనిషి కాదు. దీపాలు తప్ప ఏదైనా చేస్తానన్నాడు, చేశాడు. చూరు కంతలకు సంచులు కుక్కాడు. గాలి ఆడక ఇల్లు ఆవిరి కుండ అయిపోయి, అత్తయ్య చెమటతో లేచి ఆ సంచులన్నీ పీకి పారేసింది. కళ్ళకు నల్లగుడ్డ కట్టాడు. గుడ్డతో మరుగుదొడ్డికి పోబోయి ఆవిడ పీఠాన్ని గుద్దుకుని, పెద్దల పటాలను పడేసినంత పని చేసింది. తామర గింజల లోపల ఉండే పచ్చ మొలకలు ఎండబెట్టి కషాయం కాచి ఇచ్చాడు, నిద్రకు అంతకు మించింది లేదని. అది ఎంత చేదంటే, ఆ చేదుకు వచ్చే నిద్ర కూడా పారిపోతుంది.

ఇవేవీ పని చేయకపోయేసరికి ఒక సాయంత్రం ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. స్పీకరు పెట్టెను దొర్లించుకుంటూ అత్తయ్య గది గుమ్మం దాకా తెచ్చి, మైకు పట్టుకుని జోలపాట ఎత్తుకున్నాడు. వాకిట్లో ఉన్న జనం లయగా తలలూపారు. ఏడో అన్న కళ్ళు తుడుచుకున్నాడు కూడా. రెండో చరణం మధ్యలో తలుపు తెరుచుకుంది. అత్తయ్య బయటికి వచ్చి, నిదానంగా మైకు తీసుకుని, వాకిలి దాటి, బాతుల కుంటలో పడేసి, అంతే నిదానంగా లోపలికి పోయి తలుపు వేసుకుంది. స్పీకరులోంచి కాసేపు బుడబుడమని వినిపించింది.

"పాటలో ఆ చివరి భాగం బాగుంది" అన్నాడు మా ఆయన విన్.

మావయ్య కొడుకును తినేసేలా చూశాడు.

ఆ తర్వాత రెండు రోజులకే బల్బుల దొంగలు దిగారు. మా వైపు దీపాల కాలంలో ఇది మామూలే. తోట అంచున వరసకు వరస విప్పుకుని సంచిలో వేసుకుని పోతారు. మైకు పోయినా ఊరుకోక ఏడో అన్న మా వాకిట్లో పాడుతుండగానే ఆయన తోటలో కాలువగట్టు వైపు బల్బులన్నీ మాయమైపోయాయి. పాపం ఆయన ఇంటికి పోయి చూసుకుని, తోట చివర నిలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు మాత్రం తాళంలో ఉందని మావయ్య అన్నాడు.

మరునాడు మావయ్య కాపలా మనిషి కోసం ఊరంతా తిరిగాడు. పండగ ముందు మనుషులెక్కడ దొరుకుతారు? విన్ పగలంతా వైర్ల మీద, నేను బాతుల మీద, మావయ్య నిద్ర మీద. అన్నం దగ్గర ఇదే చర్చ జరుగుతుండగా అత్తయ్య కంచంలోంచి తలెత్తకుండా అంది:

"మన తోటలో కాలువగట్టు వైపు నేను కాస్తాను."

"నువ్వా?"

"ఎలాగూ నిద్రపోవడం లేదు కదా. ఇక్కడ గోడలు లెక్కపెట్టే బదులు అక్కడ బల్బులు లెక్కపెడతాను."

మావయ్య ముఖం వెలిగిపోయింది. "చూశావురా విన్! నిద్ర పట్టని మనిషికంటే మంచి కాపలా ఎవరుంటారు? డాక్టరమ్మ దీన్ని జబ్బు అంటుంది!"

"ఈ వయసులో, ఈ ఒంట్లో..." అని నేను అడ్డం పడబోయాను.

"నువ్వూరుకో అమ్మాయ్" అంది అత్తయ్య. ఆవిడ గొంతులో ఏదో హుషారు వినిపించింది. తిట్టడానికి ముందు వచ్చే హుషారు కాదు, వేరే రకం.

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే విన్ వెదురు మంచం మోసుకుపోయి ఆవిడ చూపించిన చోట వేసి వచ్చాడు. ఆవిడ దోమతెర, తాటాకు టోపీ, టార్చిలైటు, ఒక దుడ్డుకర్ర, మావయ్య కాచిన కషాయం సీసా పట్టుకుని బయలుదేరింది. మావయ్య వెంట రాబోతే, "ఇద్దరం మాట్లాడుకుంటూ కూర్చుంటే దొంగలు మన మీదనుంచే నడిచిపోతారు" అని వెనక్కి పంపేసింది. అక్కడికి ఎవరూ రాకూడదనీ, మాడిపోయిన బల్బులుంటే తానే చెబుతాననీ అందరికీ గట్టిగా చెప్పింది.

వారం తిరిగేసరికి అత్తయ్య మారిపోయింది. పొద్దున్నే టోపీ వెనక్కి వేలాడేసుకుని, కర్ర ఊపుకుంటూ తోటలోంచి నడిచి వచ్చేది. కళ్ళ కింద నలుపు పోయింది. అన్నం రెండోసారి వడ్డించుకునేది. చేపసాస్ పులుసులోనే పోసేది. ఒకరోజు నా జడ చూసి, "బాగుంది" అంది. నేను భయపడి అద్దం దగ్గరికి పరిగెత్తాను. మందుల కోసం ఆరోగ్య కేంద్రానికి పోతే డాక్టరమ్మ పట్టీ చుట్టి, చూసి, నా వంక చూసి నవ్వింది. "దీపాలు తీయించారా?" అని అడిగింది. "లేదండీ, దీపాల కాపలాకు పంపాం" అన్నాను. ఆ పిల్ల ముఖం చూడాలి.

"కషాయం!" అన్నాడు మావయ్య. "నా కషాయం పని చేసింది!"

అక్కడినుంచి ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. సాయంత్రం వాకిట్లో పాటల మధ్య కషాయం గురించి ఉపన్యాసం. కళ్ళు గుంటలు పడిన ఆడవాళ్ళందరూ సీసాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. తామర మొలకలు ఎలా ఎండబెట్టాలి, ఎంతసేపు కాచాలి, ఆయన చెప్పే తీరు చూస్తే వైద్యం తాతల నాటి నుంచి ఇంట్లో ఉన్నట్టుండేది. ఏడో అన్న రెండు గ్లాసులు తాగి, "నాకు ఏమీ అనిపించడం లేదే" అంటూ ఎప్పటికంటే ఒక పాట ఎక్కువ పాడాడు.

దొంగలు మా తోట జోలికి రాలేదు. చుట్టుపక్కల నాలుగు తోటల్లో బల్బులు పోయాయి గానీ మాది చెక్కుచెదరలేదు. ఆరో వదిన కర్ర పట్టుకుని చీకట్లో పొంచి ఉంటుందట అని ఊళ్ళో చెప్పుకున్నారు. దీపాల తోటలో చీకటి ఎక్కడుందని ఎవరికీ అనుమానం రాలేదు, నాక్కూడా.

దీపాల గడువు తీరింది. మీట కట్టేశాం. ఊరికి చీకటి తిరిగి వచ్చింది. అత్తయ్య మంచం ఇంటికి తెచ్చుకుంది. ఇక మొగ్గ కోసం ఎదురుచూడటమే. మొగ్గ కనిపించే దాకా మావయ్య రోజూ తోట చుట్టూ తిరుగుతాడు, చెట్లతో మాట్లాడతాడు. అత్తయ్య కూడా ఆ రోజుల్లో ఎందుకో తరచూ కాలువగట్టు వైపు పోయి వచ్చేది. వచ్చాక ముభావంగా ఉండేది. ఒకరోజు వంటింట్లో నన్ను అడిగింది: "అమ్మాయ్, ఒక్క పదిపదిహేను రోజులు దీపం లేకపోతే చెట్టుకు తెలుస్తుందంటావా?"

"చెట్టుకేం తెలుస్తుంది అత్తయ్యా" అన్నాను, వంకాయలు తరుగుతూ.

ఎంత బుద్ధిలేని మాట! మా బతుకంతా చెట్టుకు తెలుస్తుందన్న దాని మీదే కదా నడిచేది.

మొగ్గ వచ్చింది. ఆకుపచ్చ కొమ్మల అంచుల మీద ముళ్ళ పక్కన చిన్న చిన్న బుడిపెలు, తోటంతా. ఇంటి చుట్టూ ఉన్న చెట్లయితే విరగబూసేట్టున్నాయి. మావయ్య చంకలు గుద్దుకుంటూ కాలువగట్టు వైపు పోయాడు. పోయిన కాసేపటికి అక్కడినుంచి పెద్ద కేక వినిపించింది.

అందరం పరిగెత్తాం. కాలువగట్టు తోటలో ఒకచోట గుండ్రంగా, ఎవరో పళ్ళెం బోర్లించి గీసినట్టు, ఒక్క చెట్టుకూ మొగ్గ లేదు. ఆ వలయం దాటితే మళ్ళీ మామూలే. మధ్యలో మాత్రం బోడి.

"ఏడోవాడు!" అన్నాడు మావయ్య. ముఖం జేవురించింది. "వాడి బల్బులు పోయి నావి పోలేదని కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. మొదళ్ళలో ఏదో పోసి ఉంటాడు!"

"నాన్నా, ఆయన అలాంటివాడు కాడు" అన్నాడు విన్.

"ఇంకెలాంటివాడు? అంత బాగా పాడేవాడిని ఎప్పుడూ నమ్మకూడదు!"

గట్టు మీదకు పోయి పక్క తోటలోకి వినిపించేలా అరిచాడు. ఏడో అన్న అటునుంచి వచ్చి, విషయం విని, ముందు నవ్వాడు, తర్వాత ఆయనకూ రోషం వచ్చింది. "ఇన్నేళ్ళు నీ వాకిట్లో పాడినందుకు నాకిదా?" అన్నాడు. "నువ్వు పాడింది చాలు, నా చెట్లు పూయనిది నీ పాటకేనేమో" అన్నాడు మావయ్య. ఒకరి తండ్రుల్ని ఒకరు తిట్టుకున్నారు. ఇద్దరి తండ్రులూ ప్రాణస్నేహితులు. అత్తయ్య మధ్యలో నిలబడి, "వదిలెయ్యవయ్యా, నాలుగు చెట్లు" అంటూ మావయ్య చొక్కా పట్టుకుని లాగుతోంది. ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ పాత రోజుల్లో దండెం తీగ పట్టుకుని ఊగినప్పటి రంగు.

మావయ్య ఊరుకోలేదు. వ్యవసాయ అధికారిని పిలిపించి ఏడో అన్న నేరం నిరూపిస్తానన్నాడు. ఏడో అన్న కూడా, "పిలిపించు, నేనూ చూస్తాను" అన్నాడు.

అధికారి పేరు ఖోవా. కళ్ళజోడు, మాట తక్కువ. పొద్దున్నే వచ్చి బోడి వలయంలో మొదళ్ళ దగ్గర మట్టి తీసి వాసన చూశాడు, కొమ్మ విరిచి చూశాడు. ఇటు మావయ్య, అటు ఏడో అన్న చేతులు కట్టుకుని నిలబడ్డారు. అత్తయ్య కెటిల్ తెచ్చి అందరికీ టీ పోస్తోంది.

"మందు పోసినట్టు లేదు. వేర్లు బాగున్నాయి, చెట్లు ఆరోగ్యంగా ఉన్నాయి. ఒకరకంగా చెప్పాలంటే, మిగతావాటికంటే హాయిగా ఉన్నాయి" అన్నాడు ఖోవా.

"మరి పూయవేం?"

"వీటి మీద రాత్రి వెలుగు పడలేదు."

"పడకపోవడమేంటి? అవిగో బల్బులు! ఒక్కటీ మాడలేదు. మా ఆవిడ స్వయంగా ఇక్కడే కూర్చుని..."

మావయ్య అక్కడ ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో తెలియక నేను ఆయన చూస్తున్న వైపు చూశాను. వలయానికి నట్టనడుమ, మెత్తటి మట్టిలో, మంచం కోళ్ళ నాలుగు గుంటలు స్పష్టంగా ఉన్నాయి. బోడి వలయం అంచు ఎటునుంచి చూసినా వాటికి సమాన దూరంలో ఉంది. ఒక మనిషి సాయంత్రం వచ్చి, చెయ్యి చాచి మంచం చుట్టూ ఉన్న ఒక్కో బల్బునూ కాస్త వదులు చేసి, పొద్దున్న మళ్ళీ బిగించి పోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

అత్తయ్య ఖోవా గ్లాసులో టీ పోస్తూనే ఉంది. గ్లాసు నిండి పొర్లిపోతోంది. ఆవిడ చూపు కెటిల్ ముక్కు మీదే ఉంది.

మావయ్య ఆ గుంటల్ని చూశాడు. తర్వాత అత్తయ్య ముఖం చూశాడు. చాలాకాలం తర్వాత చూసినవాడిలా చూశాడు. ఒక అడుగు ముందుకు వేసి, చెప్పుకాలితో మట్టిని అటూ ఇటూ జరిపి, ఒక గుంట పూడ్చాడు. తర్వాత ఇంకోటి.

"వైరు తెగింది" అన్నాడు.

"ఎక్కడ తెగింది?" అన్నాడు విన్. "వైరు వేసింది నేను! నేను వేసిన వైరు తెగడమేంటి నాన్నా?"

"తెగిందంటే తెగింది! నోరు మూసుకో. నేనే చూసుకోలేదు." ఏడో అన్న వైపు తిరిగాడు. "ఒరేయ్, నాదే పొరపాటు. సాయంత్రం రా. నీ గొంతు వినక వాకిలి బావురుమంటోంది."

"మైకు లేదుగా" అన్నాడు ఏడో అన్న బింకంగా.

"పొద్దు ఉండగానే వచ్చి, ఎప్పట్లా ఉత్త గొంతుతోనే పాడు. భోజనాల వేళకు అందరం ఇళ్ళకు పోదాం."

ఇంటికి పోతూ మావయ్య, అత్తయ్య ముందు నడిచారు, నేను కెటిల్ పట్టుకుని వెనక. వాళ్ళ మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"అయితే నా కషాయం?" అన్నాడు ఆయన చివరికి.

"రోజూ బాతుల కుంటలో పోశాను."

మావయ్య తల గోక్కున్నాడు. "అదా సంగతి, బాతులు మధ్యాహ్నం దాకా లేవడం లేదేంటా అనుకున్నాను" అన్నాడు. అత్తయ్య నవ్వింది. ఆ నవ్వు ఆగక దారిలో ఒకచోట మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. నేను వెనక నుంచి చూస్తూ, ఆవిడ ఊగుతోందేమోనని ఒక్క క్షణం హడలిపోయాను. ఊగడం లేదు, నవ్వే.

కాపు కోతకు వచ్చింది. సైగాన్ నుంచి లారీ వేసుకుని మూడో అక్క వచ్చింది. ఆవిడ పెద్ద వ్యాపారి. తోటంతా కలియదిరిగి పండ్లు తట్టి చూసి, కాలువగట్టు దగ్గర ఆగింది.

"ఏం అన్నా, ఇంత కాపు కాయించినవాడివి, ఇక్కడ గుండు కొట్టించావేం? ఇక్కడి పండ్లేవి?"

"మా ఆవిడ తినేసింది" అన్నాడు మావయ్య.

"ఒక్కతేనా?"

"ఒక్కతే. అరిగింది కూడా. చూడు ముఖం ఎలా ఉందో."

మూడో అక్క అత్తయ్య ముఖం చూసింది. ఏం అర్థమయిందో ఏమో, "వదినకు ఇంకో నాలుగు చెట్లు ఇవ్వవయ్యా" అంది.

తేత్ పండగ అయ్యాక, రెండో విడత దీపాలు కట్టే రోజు వచ్చింది. అన్నాలయ్యాక మావయ్య డబ్బాలో సున్నం కలిపి, కుంచె అందులో వేసి తెచ్చి అత్తయ్య చేతికిచ్చాడు. "ఎక్కడెక్కడ బల్బు వద్దో నువ్వే గుర్తు పెట్టు. కాలువగట్టు దాకా పోనక్కర్లేదు. ఇంటి దగ్గరే పెట్టు" అన్నాడు. ఇంటి చుట్టూ ఉన్నవి ఆయన ప్రాణమైన చెట్లు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వాటివైపు చూడలేదు.

అత్తయ్య డబ్బా పట్టుకుని బయలుదేరింది. పడకగది కిటికీ ఎదుట ఉన్న స్తంభానికి సున్నం రాసింది. దాని పక్కదానికి రాసింది. మావయ్య వెనకే నడుస్తూ మొదట తలూపాడు. ఆవిడ రెండో వరసలోకి పోయింది. ఆయన దగ్గాడు. మూడో వరసలోకి పోయింది.

"ఏమే, కాపు తిన్నది చాలదా? ఒక్క మనిషి నిద్రకు ఇంత చీకటి ఎందుకు?"

అత్తయ్య కుంచె ఆపలేదు. స్తంభం చుట్టూ తిరుగుతూ, సున్నం కారకుండా జాగ్రత్తగా అద్దుతూ అంది:

"మరి నువ్వెక్కడ పడుకుంటావు?"

మావయ్య ఏదో అనబోయాడు. నిద్ర నాకు అక్కర్లేదనే అనబోయి ఉంటాడు. కానీ నోరు తెరిస్తే ఆవులింత వచ్చింది. అది చాలా పెద్దది, ఎన్నేళ్ళనుంచి లోపల ఉందో, కళ్ళవెంట నీళ్ళు కూడా తెచ్చింది. ఆయన చొక్కా చేతితో కళ్ళు ఒత్తుకుని, అత్తయ్య చేతిలోంచి డబ్బా అందుకుని, నాలుగో వరసకు తానే గుర్తు పెట్టడం మొదలుపెట్టాడు.